"దగ్గరే" అంటే ఎంత దూరం? పెద్దవాళ్ళతో సముద్రతీర ప్రయాణానికి ముందు

ఎల్‌ఎఫ్‌సీ బ్లాకు ముగింపుకొస్తోందంటే చాలు, బ్రాంచిలో మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళ మాటలన్నీ ఊళ్ళ మీదికి మళ్ళుతాయి. ఈసారి కొండలా, సముద్రమా? పిల్లలు సముద్రం అంటారు. అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్దాం అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అందరికీ సంతోషమే. టికెట్లు తీసుకుంటారు, "సీ వ్యూ" అని రాసివున్న గది బుక్ చేస్తారు. తీరా అక్కడికి చేరాక రెండో రోజు సాయంత్రం అమ్మ ఒక మాటంటుంది: "మీరు వెళ్ళిరండి, నేను సామాన్ల దగ్గర కూర్చుంటా."

ఈ మాట వినని కుటుంబం ఉండదేమో. సామాన్ల మీద ప్రేమతో అనే మాట కాదది. మొదటి రోజు ఇసుకలో నడిచి మోకాలు పట్టేసి ఉంటుంది. బాత్రూంలో పట్టుకోవడానికి ఏమీ లేక భయపడి ఉంటుంది. తన కోసం అందరూ పది అడుగులకోసారి ఆగడం చూసి మొహమాటపడి ఉంటుంది. పిల్లల డబ్బు ఖర్చయింది, వాళ్ళ సరదా తన వల్ల పాడవకూడదు అనుకుని ఆ మాటంటుంది. మనమూ "సరేలే, రెస్టు తీసుకోమ్మా" అని వెళ్ళిపోతాం. మూడు రోజుల్లో ఆమె చూసిన సముద్రమంతా కిటికీ అద్దంలోంచి చూసిందే.

నాలుగేళ్ళ బ్లాకు మన సర్వీసులో ఒక లెక్క. డెబ్భై ఆరేళ్ళ మోకాలికి అది చాలా పెద్ద కాలం. వచ్చే బ్లాకులో చూద్దాం అని వాయిదా వేసుకునే వీలు అన్ని ఇళ్ళలోనూ ఉండదు. అందుకే ఆ "సామాన్ల దగ్గర కూర్చుంటా" అన్న మాట అవసరం పడకుండా ఊరునీ, తీరాన్నీ, గదినీ ఎలా ఎంచుకోవాలో కాస్త వివరంగా చూద్దాం.

ముందు ఇంట్లోనే ఇన్‌స్పెక్షన్

అప్పు మంజూరు చేసే ముందు స్థలం చూడకుండా సంతకం పెట్టం. ఇక్కడ మొదట చూడాల్సింది రిసార్టును కాదు, మన పెద్దవాళ్ళను. వాళ్ళను అడిగితే సరైన జవాబు రాదు. "మెట్లు ఎక్కగలరా నాన్నా?" అంటే "ఎందుకెక్కలేను!" అంటారు. గుడికి వెళ్ళినప్పుడు పక్క గోడ పట్టుకుని ఎక్కిన సంగతి చెప్పరు. కాబట్టి అడగడం తగ్గించి ఒకటి రెండు రోజులు ఊరికే గమనించాలి.

గమనించాల్సినవి చాలా మామూలు విషయాలు. కూర్చోకుండా, ఆగకుండా ఎంతదూరం నడుస్తున్నారు? కూరగాయల మార్కెట్టు దాకా అయితే దాన్ని అడుగుల్లోనో, గజాల్లోనో లెక్కేసి రాసుకోవాలి. చేతి ఆసరా లేకుండా ఎన్ని మెట్లు ఎక్కుతున్నారు, ఎన్ని దిగుతున్నారు? మోకాళ్ళ నొప్పి ఉన్న చాలామందికి ఎక్కడం కన్నా దిగడం కష్టం. ఈ రెండూ వేర్వేరు అంకెలు. కుర్చీలోంచి లేచేటప్పుడు చేతులు ఆనించుకుంటున్నారా? రాత్రి ఎన్నిసార్లు బాత్రూంకి లేస్తారు? చీకట్లో లేస్తారా, లైటు వేసుకుంటారా? ఎదుటివాళ్ళు మామూలు గొంతుతో మాట్లాడితే వినపడుతోందా?

ఒక ఉదాహరణ అనుకుందాం. మనం హైదరాబాదులో ఉన్నాం, అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉన్నారు. నాన్నగారికి 78. చేతికర్రతో నడుస్తారు, రెండు వందల గజాలకు ఒకసారి కూర్చోవాలి. అమ్మకు 72. నడక బాగానే ఉంది గాని షుగరు, మోకాళ్ళు, రాత్రి మూడుసార్లు లేవడం. మంచం మీద నుంచి చూస్తే నాన్నగారే "పెద్ద కేసు"గా కనబడతారు. కానీ రిసార్టు ఎంపికలో ఎక్కువ షరతులు పెట్టేది అమ్మ. ఆమెకు గది, బాత్రూం, రాత్రి వెలుతురు ముఖ్యం. ఆయనకు దూరం ముఖ్యం. ఇద్దరి అంకెల్లో ఏది తక్కువైతే దాన్ని బట్టి మిగతాదంతా చూసుకోవాలి.

ఇసుక సంగతి

సముద్రతీరంలో పెద్దవాళ్ళకు అడ్డం సముద్రం కాదు, ఇసుక. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద నడకతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు శక్తి కావాలి. అడుగు వేసిన ప్రతిసారీ పాదం దిగబడుతుంది, మడమ పక్కకు జారుతుంది, దాన్ని నిలబెట్టడానికి మోకాలూ నడుమూ పనిచెయ్యాలి. చేతికర్ర ఇసుకలో దిగిపోతుంది, కాబట్టి అది ఉన్నా లేనట్టే. మామూలు చక్రాల కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. అవి నాలుగు అడుగుల్లో కూరుకుపోతాయి. బీచ్ కుర్చీలని లావుపాటి గాలి టైర్లతో వేరే ఉంటాయి, మనదేశంలో అవి అన్ని తీరాల్లోనూ దొరకవు.

ఇంట్లో రెండు వందల గజాలు నడిచే మనిషి పొడి ఇసుకలో వంద గజాలు నడిస్తే అలసిపోతారని లెక్కవేసుకోవచ్చు. మళ్ళీ వెనక్కి రావాలి కూడా. అంటే గట్టి నేల ఎక్కడ ఆగిపోతుందో అక్కడినుంచి యాభై గజాల లోపు అలలు కనబడే చోటు ఉండాలి. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ నడక సులువే. కష్టమంతా రోడ్డుకీ తడి ఇసుకకీ మధ్య ఉన్న ఆ పొడి మేరలోనే.

ఆ మేరను దాటించడానికి మనదేశంలో జరిగిన మంచి ప్రయత్నం చెన్నై మెరీనాలో ఉంది. దివ్యాంగులు అలల దాకా వెళ్ళేందుకు 2022 నవంబరులో అక్కడ 263 మీటర్ల చెక్క దారి వేశారు. రెండు వారాలు తిరక్కుండానే మాండౌస్ తుపాను దాని చివరి భాగాన్ని దెబ్బతీసింది. మళ్ళీ బాగుచేశారు. ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. దారి వేస్తే చక్రాల కుర్చీ సముద్రం దాకా పోతుంది. ఆ దారి ఉందని పోయినేడు ఎవరో చెప్పారని నమ్మి ఈ ఏడు వెళ్ళకూడదు. బయలుదేరే వారం ముందు కనుక్కోవాలి.

ఏ తీరం?

"బ్లూ ఫ్లాగ్" అన్న మాట ఈమధ్య రిసార్టు ప్రకటనల్లో బాగా కనబడుతోంది. డెన్మార్క్ కేంద్రంగా ఉన్న ఒక సంస్థ నీటి శుభ్రత, భద్రత, సౌకర్యాలు మొదలైన 33 ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు ఇది. దివ్యాంగుల రాకపోకల సంగతి కూడా ఆ ప్రమాణాల్లో ఉంది. 2020లో మనదేశంలో ఎనిమిది తీరాలకు మొదటిసారి ఇది వచ్చింది: విశాఖ దగ్గర రుషికొండ, పూరీలో గోల్డెన్ బీచ్, కర్ణాటకలో కాసరకోడ్, పడుబిద్రి, కేరళలో కప్పాడ్, గుజరాత్‌లో శివరాజ్‌పుర్, డయ్యూలో ఘోఘ్లా, అండమాన్‌లో రాధానగర్. మరుసటి ఏడు తమిళనాడు కోవళం, పుదుచ్చేరి ఈడెన్ చేరాయి. ఈ గుర్తింపును ఏటేటా మళ్ళీ సంపాదించుకోవాలి. కాబట్టి జాబితాలో పేరుంటే అక్కడ శుభ్రమైన మరుగుదొడ్డి, కాపలా ఉంటాయని కొంత ధీమా పడొచ్చు గాని, మన నాన్నగారి రెండు వందల గజాల లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. అన్నట్టు కోవళాలు రెండు. బ్లూ ఫ్లాగ్ వచ్చింది చెన్నై నుంచి మహాబలిపురం వెళ్ళే దారిలో ఉన్నదానికి. తిరువనంతపురం పక్కనున్నది వేరు. టికెట్ తీసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నా అభిప్రాయంలో నడక తక్కువున్న పెద్దవాళ్ళకు రిసార్టు సొంత తీరం కన్నా ఊరి పక్కనుండే సముద్రపు రోడ్డు మేలు. విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు వెంట నడకదారి పొడుగునా సముద్రం కనబడుతూనే ఉంటుంది. ఇసుకలోకి దిగకుండానే సముద్రం ఎదురుగా కూర్చోవచ్చు. పుదుచ్చేరి బీచ్ రోడ్డు ఇంకా నయం. సాయంత్రం నుంచి మరుసటి ఉదయం దాకా వాహనాలను ఆపేస్తారు, రోడ్డంతా కుర్చీ చక్రాలకూ చేతికర్రలకూ వదిలేసినట్టుంటుంది. అక్కడ చాలాచోట్ల ఒడ్డున ఇసుకకు బదులు బండరాళ్ళు పోసి ఉంటాయి. పిల్లలకు అదొక లోటు. నాన్నగారికి మాత్రం గాలి, అలల చప్పుడు, బల్ల, కాఫీ అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

ఫొటోలు చూసి మోసపోయే చోటు వర్కల. ఎర్రటి కొండ అంచు మీద వరుసగా విడుదులు, కింద సముద్రం. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కానీ పై నుంచి తీరానికి నిటారు మెట్లు దిగాలి. అక్కడ గది బుక్ చేస్తే సముద్రం అమ్మకు రోజూ కళ్ళెదుట ఉంటుంది, కాళ్ళకు మాత్రం అందదు.

పూరీ సంగతి వేరు. మన పెద్దవాళ్ళలో చాలామందికి సముద్రం అంటే స్నానం, స్నానం అంటే దర్శనం. జగన్నాథుడి గుడి సింహద్వారం దాటగానే ఇరవై రెండు మెట్లున్నాయి, వాటిని బైసి పహచ అంటారు. మెట్ల లెక్క ముందే వేసుకున్నవాళ్ళకు ఇది ఆటంకం కాదు, తెలిసిన విషయం. మెల్లగా ఎక్కి, అక్కడక్కడా ఆగి, ఆ రోజుకి ఇంకేమీ పెట్టుకోకపోతే సరి. పూరీ అలలు బలమైనవి, లోపలికి దింపకూడదు. ఒడ్డున యాత్రికుల చెయ్యి పట్టుకుని స్నానం చేయించే నోలియాలు ఆంధ్ర తీరం నుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకారుల సంతతి. పెంటకోట అనే వాళ్ళ పేటలో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. ఒడియా రాని అమ్మకు ఆ ఒడ్డున తెలుగు మాట వినబడితే కలిగే ధైర్యం అంతా ఇంతా కాదు.

ఊరు ఎంచుకునేటప్పుడు ఇంకో సంగతి. రాజమండ్రిలో ఉన్నవాళ్ళకు విశాఖ నాలుగు గంటల లోపు. గోవా ఒక రాత్రీ ఒక పగలూ. మనకు గోవా కొత్త, వాళ్ళకు విశాఖ పాతదే కావచ్చు. అయినా ప్రయాణంలో పోయే ఓపికంతా తీరం ఖాతాలోంచే పోతుంది.

ఫోన్లో అడగాల్సింది

ఇక గది. ఎంపికలో అసలు పని ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

రిసార్టుకు ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. "మా దగ్గర సీనియర్ సిటిజన్లు చాలామంది వస్తారు సార్." "గది గ్రౌండ్ ఫ్లోరేనా?" "అవును సార్." "మెట్లున్నాయా?" "రెండే సార్." "బీచ్ ఎంత దూరం?" "పక్కనే సార్, దగ్గరే." అతను అబద్ధం చెప్పడం లేదు. ఇరవై ఆరేళ్ళ కాళ్ళకు అది నిజంగా దగ్గరే. మన భాషలో ఈ "ఏ" చిన్న అక్షరమే గాని, పెద్దవాళ్ళ ప్రయాణంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే. రెండే, పక్కనే, కొంచెమే. అవతలివాళ్ళు "ఏ" అన్నచోటల్లా మనం ఒక అంకె అడగాలి.

మెట్లు రెండైతే ఒక్కొక్కటి ఎంత ఎత్తు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందా? రాంపు ఉందంటే దాని పొడవెంత? మన కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు రాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలంటాయి. అంటే పదిహేను సెంటీమీటర్ల ఒక్క మెట్టు ఎత్తుకి ఆరడుగుల రాంపు. రెండు మెట్లకు పన్నెండడుగులు. చాలాచోట్ల రాంపు పేరుతో సూట్‌కేసులు లాగడానికి పోసిన నిటారు సిమెంటు వాలు ఉంటుంది. దాని మీద చక్రాల కుర్చీ పైకి నెట్టడం కష్టం, కిందికి దింపడం ప్రమాదం. "రాంపుంది" అంటే చాలదు, పొడవు చెప్పించుకోవాలి.

బాత్రూం గురించి అడగడానికి మనం మొహమాటపడతాం. నిజానికి గదిలో ఇంకేం లేకపోయినా ఫరవాలేదు, బాత్రూం సరిగ్గా ఉండాలి. పెద్దవాళ్ళు తరచుగా పడే చోట్లలో అదొకటి. తలుపు వెడల్పు మార్గదర్శకాల ప్రకారం 900 మిల్లీమీటర్లు, అంటే మూడడుగులు ఉండాలి. చాలా హోటళ్ళ బాత్రూం తలుపు రెండున్నర అడుగులకు మించదు. వాకర్ పక్కకు తిప్పితే గాని పోదు. కుర్చీ తిరగడానికి లోపల 1500 మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. కమోడు పక్కన గోడకు కమ్మీ ఉందా? ఉంటే స్క్రూలతో బిగించిందేనా, లేక సబ్బు పెట్టెలాగా అతికించిందా? టవలు వేలాడేసే కడ్డీ చూపించి ఇదే సార్ అంటారు. అది మనిషి బరువును ఆపదు, పట్టుకుంటే ఊడొస్తుంది. బాత్రూం గుమ్మం దగ్గర గడపలాంటి ఎత్తు ఉందా? స్నానానికి టబ్బులో దిగాలా, నేల మీదేనా? నేల తడిసినప్పుడు జారుతుందా? కూర్చుని స్నానం చేయడానికి ప్లాస్టిక్ స్టూలు ఇవ్వగలరా? ఇది ఇరవై రూమ్ సర్వీసు మాటల కన్నా విలువైన ప్రశ్న.

వీటికి ఫోన్లో జవాబులు తీసుకుని ఊరుకోకుండా, ఆ గది బాత్రూం వీడియో ఒక నిమిషం తీసి వాట్సాప్‌లో పంపమని అడగండి. "అలాంటి గది" కాదు, మనకివ్వబోయే గది. గది నంబరు కన్ఫర్మేషన్‌లో రాయించుకోండి. డాక్యుమెంట్ చూడకుండా అప్పివ్వని మనం ఈమాత్రం అడిగితే తప్పులేదు. పంపడానికి ఇష్టపడని చోటుకి వెళ్ళకపోవడమే మంచిది.

మంచం ఎత్తు కూడా అడగాలి. ఈ కాలం రిసార్టుల్లో నేలకు ఆనుకున్నట్టుండే పల్లపు మంచాలు ఫ్యాషన్. వాటి మీద కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి. మామూలు కుర్చీ ఎత్తు, అంటే ఒకటిన్నర అడుగులు ఉంటే చాలు. గదిలో చేతులున్న కుర్చీ ఒకటి పెట్టమనాలి. లిఫ్టు ఉంటే, కరెంటు పోయినప్పుడు అది జనరేటర్ మీద నడుస్తుందా అని అడగాలి. తోటల మధ్య విడివిడి కాటేజీలు బాగుంటాయి గాని, అక్కడినుంచి భోజనశాలకు ఎంత దూరం, దారిలో రాత్రి లైట్లున్నాయా, నేల చదునుగా ఉందా లేక గులకరాళ్ళా అన్నది చూడాలి. మూడు పూటలా రానూ పోనూ వంద గజాలైతే రోజుకు ఆరు వందల గజాలు. సముద్రం చూడకముందే నాన్నగారి నడక అయిపోయింది.

భోజనం గురించి రెండు మాటలు. బఫే ముందు ప్లేటు పట్టుకుని నిలబడటం వాళ్ళ వల్ల కాదు, టేబుల్ దగ్గరికి తెచ్చిస్తారా? ఉదయం ఏడింటికే ఇడ్లీ గాని జావ గాని దొరుకుతుందా? షుగరు మందు వేసుకున్నవాళ్ళు తొమ్మిదిన్నర టిఫిను కోసం ఆగలేరు.

ప్రయాణం

రైల్లో పెద్దవాళ్ళకు కింది బెర్తు దొరకడానికి ఒక సంగతి తెలిసివుండాలి. ఐఆర్‌సీటీసీలో లోయర్ బెర్త్, సీనియర్ సిటిజన్ కోటా 60 ఏళ్ళు దాటిన పురుషులకు, 45 దాటిన మహిళలకు వర్తిస్తుంది. కానీ ఒక టికెట్ మీద వాళ్ళు ఒక్కరే గాని ఇద్దరే గాని ఉండాలి. కుటుంబం ఆరుగురినీ ఒకే టికెట్‌లో పెడితే, లేదా ఒక పెద్దాయనతో ఒక కుర్రాణ్ణి కలిపితే ఆ కోటా పనిచెయ్యదు. అందుకని అమ్మానాన్నలకు వేరే టికెట్ ఆ కోటాలో, మిగతావాళ్ళకు ఇంకో టికెట్. బోగీలు వేరైతే ఒకరు వాళ్ళ దగ్గరికి మారొచ్చు. రైలు కదిలాక ఖాళీ కింది బెర్తులుంటే పెద్దవాళ్ళకు ఇవ్వమని టీటీఈని అడగవచ్చు. ఛార్జీల్లో సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, బడ్జెట్ వేసుకునేటప్పుడు దాన్ని లెక్కలో పెట్టుకోవద్దు.

పగటి ప్రయాణమైతే బెర్తు బాధే ఉండదు. సికింద్రాబాద్, విశాఖ మధ్య 2023 జనవరి నుంచి నడుస్తున్న వందే భారత్ రాజమండ్రిలో ఆగుతుంది. కుర్చీ సీట్లు కాబట్టి నాలుగు గంటల లోపు దూరానికి సుఖమే. చేరే వేళ మాత్రం చూసుకోవాలి. అర్ధరాత్రి కొత్త గదిలో అడుగుపెట్టి, స్విచ్చులు ఎక్కడున్నాయో తెలియక, చీకట్లో బాత్రూం వెతుక్కునే మొదటి రాత్రి చాలా ప్రమాదం. వెలుతురుండగా చేరి, బాత్రూం దారి ఒకసారి నడిపించి చూపించాలి.

విమానంలో వెళ్తే చక్రాల కుర్చీ 48 గంటల ముందే అడగాలి. అందులో మూడు రకాలున్నాయి. మెట్లెక్కగలరు గాని దూరం నడవలేరు అనేది ఒకటి, మెట్లు ఎక్కలేరు అనేది రెండోది, సీటు దాకా కుర్చీలోనే తీసుకెళ్ళాలి అనేది మూడోది. చాలామంది ఏదో ఒకటిలే అని మొదటిది టిక్ పెడతారు. తీరా బస్సులో విమానం దాకా తీసుకెళ్ళి నిచ్చెన ముందు దింపుతారు. అమ్మ మెట్ల లెక్క మన దగ్గర రాసి ఉంది కదా, దాన్ని బట్టి ఎంచుకోవాలి.

కుర్చీలో కూర్చోవడానికి నాన్నగారు ఒప్పుకోకపోవచ్చు. "నాకేమైందని!" అంటారు. వాదించి లాభం లేదు. స్టేషన్లోగాని ఎయిర్‌పోర్టులోగాని క్యూ తప్పుతుంది, లైన్లో నిలబడక్కర్లేదు అని చెబితే కొందరు ఒప్పుకుంటారు. కొందరికి తీరంలో కూర్చోవడానికి కావాల్సిన ఓపిక మిగుల్చుకుంటున్నాం అని చెప్పాలి. ఆ రెండోది అబద్ధం కూడా కాదు.

ఎప్పుడు వెళ్ళాలి

ఆంధ్ర, ఒడిశా తీరాలకు అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానుల భయం ఉంటుంది. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఏప్రిల్, మే నెలల్లో ఎండ కన్నా ఉక్క ఎక్కువ బాధిస్తుంది. చెమట ఆరక, దాహం వేసినట్టు తెలియక పెద్దవాళ్ళు నీరసించిపోతారు. రక్తపోటుకు నీరుపోయే మాత్రలు వాడేవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం హాయిగా ఉంటుంది.

మనవాళ్ళ సెలవు లెక్క కూడా దానితో కలవాలి. నవంబరంతా పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల హడావుడి. అమ్మానాన్నలు పెన్షనర్లయితే వాళ్ళ సర్టిఫికెట్టూ అప్పుడే ఇవ్వాలి. డిసెంబరు చివర క్వార్టర్ ముగింపు, ఫిబ్రవరి సగం దాటితే మార్చి రికవరీలు తరుముకొస్తాయి. తిప్పి తిప్పి చూస్తే సంక్రాంతి వెళ్ళిన తర్వాత జనవరి రెండో సగం మనకు మిగిలే మంచి సమయం. పండగ రద్దీ తగ్గి గది అద్దెలూ కాస్త దిగుతాయి. పిల్లల బడి రెండు రోజులు పోతుంది, పోనివ్వండి.

బయలుదేరే ముందు అలల సంగతి తెలుసుకోవడానికి హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఉప్పెన అలల హెచ్చరికలు ఇస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు కూడా దూరసముద్రంలో పుట్టిన అలలు ఒడ్డుమీదికి విరుచుకుపడవచ్చు. ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దవాళ్ళు పిల్లల్లాగా లేచి పరుగెత్తలేరు.

ఎల్‌ఎఫ్‌సీలో తల్లిదండ్రుల్ని చేర్చే విషయంలో ఆదాయ పరిమితి ఉంది. అత్తమామల విషయంలోనూ నియమాలున్నాయి. వాళ్ళ పేర్లు మన రికార్డులో ఆధారపడినవారిగా ఉన్నాయా అన్నది టికెట్లు తీసుకోకముందే మన బ్యాంకు తాజా సర్క్యులర్ చూసి తేల్చుకోవాలి. బ్యాంకు హాలిడే హోమ్ ఆ ఊళ్ళో ఉంటే చవకే గాని, పైన చెప్పిన బాత్రూం ప్రశ్నలు దానికీ వర్తిస్తాయి. ఆ ఊరి బ్రాంచిలో మనకు తెలిసిన సహోద్యోగి ఒకరుంటే, ఒక సాయంత్రం వెళ్ళి చూసి ఫొటో పంపమని అడగడం సులువు. ఇలాంటి ఇన్‌స్పెక్షన్‌కి ఎవరూ కాదనరు. బయట రిసార్టయితే రద్దు షరతులు చదవండి. పెద్దవాళ్ళ ఆరోగ్యం ముందురోజు మారవచ్చు. వెయ్యి రూపాయలు ఎక్కువైనా తిరిగి డబ్బిచ్చే గదే మేలు.

అక్కడికి చేరాక

మందులు రెండు పొట్లాలుగా సర్ది ఒకటి చేతిసంచిలో పెట్టాలి. ఇన్సులిన్ వాడుతుంటే, తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో గడ్డకట్టే అర పక్కన పెడితే పాడవుతుంది. వాడుతున్నది 30 డిగ్రీల లోపు నీడలో ఉంచితే చాలు. కారులో వదలకూడదు. షుగరున్నవాళ్ళను ఇసుకలో వట్టికాళ్ళతో నడవనివ్వద్దు. వేడి తెలియదు, గవ్వ గీసినా తెలియదు, మూడో రోజుకి పుండై కనబడుతుంది. చెప్పులు ఇసుకలో ఊడిపోతాయి, వెనక పట్టీ ఉన్న శాండల్స్ కొనాలి. ఇంటి నుంచే ఒక చిన్న నైట్ ల్యాంపు తీసుకెళ్తే రాత్రి బాత్రూం దారి వెలుగుతుంది. దగ్గర్లో మన మెడికల్ పాలసీ చెల్లే ఆసుపత్రి ఏదో, దాని నంబరేదో ముందే రాసుకోవాలి. అంబులెన్సుకు 108, వృద్ధుల సహాయానికి 14567.

రోజుకు ఒక్క పని పెట్టుకోవాలి. విశాఖలో ఒకే రోజు సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం అన్నీ చుట్టేద్దామని పిల్లలంటారు. ఐఎన్ఎస్ కురుసుర లోపల గుండ్రటి ఇరుకు తలుపుల్లోంచి వంగి దూరాలి, అది అమ్మకు కుదరదు. పిల్లలతో ఒకరు లోపలికెళ్తే, ఇంకొకరు బయట సముద్రం ఎదురుగా అమ్మతో కూర్చోవచ్చు. ఆ ఇంకొకరు రోజూ కోడలో కూతురో ఒక్కరే కాకుండా, వంతులు వేసుకోవాలి. బయలుదేరే ముందే ఆ వంతుల జాబితా తయారైతే అక్కడ ఎవరికీ ముఖాలు మాడవు.

మన తూర్పు తీరంలో ఎండ ఎక్కకముందు ఉదయం గంటా గంటన్నర అన్నిటికన్నా మంచి వేళ. సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు, జాలర్లు వలలు లాగుతుంటారు, గుంపులుండవు. పిల్లలు ఇంకా నిద్రపోతుంటారు. పెద్దవాళ్ళు ఎలాగూ ఐదింటికే లేచి కూర్చుంటారు. చేతులున్న రెండు ప్లాస్టిక్ కుర్చీలు రిసార్టు వాళ్ళను ముందురోజు రాత్రే అడిగి ఉంచుకుని, నలుగురి సాయంతో ఆ పొడి ఇసుక దాటించి, తడి ఇసుకకు కాస్త ఎగువన గట్టి నేల మీద వెయ్యండి. ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళండి. ఆ కుర్చీల పక్కన మూడో కుర్చీ కూడా ఒకటి వేయించుకోండి.